వాషింగ్టన్ దీవిలో ఐస్‌లాండ్ మ్యాచ్, తొమ్మిదేళ్ళ నాటి నా అబద్ధం

విస్కాన్సిన్ కొసన ఉన్న వాషింగ్టన్ దీవికి చికాగో పక్కన ఉండే మన అరోరా, నేపర్‌విల్ తెలుగు జనం జులైలో వెళ్తారు. ఊదారంగు లావెండర్ పూల మధ్య నిలబడి ఫొటోలు దిగి, వచ్చి గ్రూపులో పెడతారు. నేను నవంబరులో వెళ్ళాను. ఒక మనిషి నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడతాడో లేదో తేల్చుకోవడానికి వెళ్ళాను. పని వేరైనా దారి అదే కాబట్టి మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ మనిషి పేరు సామ్యూల్. నాకు సామన్న. ఇద్దరిదీ సికింద్రాబాద్ పక్కన బొల్లారం. నా చిన్నప్పుడు మా గ్రౌండ్‌లో ఎడమకాలితో ఫుట్‌బాల్ ఆడేవాడంటే సామన్నే. ఆయన తండ్రి తరంలో మా వైపు వాళ్ళు బూట్లు లేకుండా ఆడి దేశం తరఫున ఒలింపిక్స్ దాకా వెళ్ళారు. సామన్న తరానికి వచ్చేసరికి ఆఫీసులు ఆటగాళ్ళకి ఉద్యోగాలివ్వడం మానేశాయి, గ్రౌండ్‌లో మూడు వికెట్లు పాతారు. ఆయన అక్క పిలిపిస్తే అరోరా వచ్చి గ్యాస్ స్టేషన్‌లో చేరాడు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, నర్సు చదివిన అమ్మాయిని పెళ్ళాడి, ఆవిడ వెనకాల వచ్చాను. ఎయిర్‌పోర్ట్ నుంచి మనవాళ్ళ తల్లిదండ్రుల్ని, వాళ్ళ పచ్చడి సీసాల్ని దించే డ్రైవర్‌ని. చుట్టూ అందరూ క్రికెట్ లీగులు పెట్టుకుంటే ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకోవడానికి మేం ఇద్దరమే మిగిలాం.

మనకంటూ టీమ్ లేదు కాబట్టి సామన్న ఒక టీమ్‌ని దత్తత తీసుకున్నాడు. ఐస్‌లాండ్. "దేశం మొత్తం కలిపితే మన నిజామాబాద్ టౌనంత ఉండరు రా. ఆర్నెల్లు మంచు. బయట ఆడరాదని పెద్ద పెద్ద షెడ్లు కట్టుకొని లోపల గడ్డి పరిచిన్రు. ప్రతి ఊర్లె పిల్లలకు కూడా ట్రైనింగ్ అయిన కోచ్. మరి మనకేమైంది?" అని మూడో చాయ్ దగ్గర ఎప్పుడూ ఆయన గొంతు మారేది. ఆ టీమ్ యూరప్ పెద్ద టోర్నీకి మొదటిసారి వెళ్ళి, ఏకంగా ఇంగ్లండ్‌తో నాకౌట్ మ్యాచ్ ఆడింది. ఆ మధ్యాహ్నం సామన్నకి డ్యూటీ. ఇంట్లో రికార్డింగ్ పెట్టి, రాత్రి వచ్చి చూసుకుంటా, ఎవ్వరూ స్కోరు చెప్పొద్దు అని వెళ్ళాడు.

నేను మ్యాచ్ మొత్తం చూశాను. ఐస్‌లాండ్ రెండు-ఒకటితో గెలిచింది. నా ఒంట్లో దురద మొదలైంది. ఫోన్ చేసి, గొంతు దిగాలుగా పెట్టి, "అన్నా, ఐదు-సున్నా. పరువు పోయింది. చూడకు, ఏడుస్తవ్" అన్నాను. నా లెక్క ఏమిటంటే, ఎంత చెప్పినా ఆయన చూడకుండా ఉండలేడు, చూస్తే సంతోషం రెండింతలవుతుంది. లెక్కలు నాకు ఎప్పుడూ రావు. సామన్న నమ్మాడు. ఇంటికెళ్ళి, తన టీమ్ పిల్లల ఓటమి చూడలేక, రికార్డింగ్ చెరిపేసి పడుకున్నాడు. పొద్దున స్టేషన్‌లో పనిచేసే కుర్రాడు కంగ్రాట్స్ అంటే అప్పుడు తెలిసింది. ఇప్పుడైనా నెట్‌లో చూడొచ్చు కదన్నా అంటే, "గెలిచినరని తెలిసినంక చూసుడు పెళ్ళయినంక పెళ్ళిచూపులకు పోయినట్టుంటది" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మాటలు తగ్గాయి. తర్వాత ఆయన ఊరు మారాడు. తొమ్మిదేళ్ళు.

మొన్న ఆయన అక్కని ఎయిర్‌పోర్ట్‌లో దించుతుంటే తెలిసింది, సామన్న వాషింగ్టన్ దీవిలో ఓ బార్‌లో వంట చేస్తున్నాడని. నంబర్ తీసుకుని మెసేజ్ పెట్టాను. రెండు రోజులకి జవాబు వచ్చింది: "ఆదివారం పదకొండుకు మ్యాచ్ ఉంది. చింతపండు తే." నన్ను రమ్మన్నాడో చింతపండుని రమ్మన్నాడో అర్థం కాలేదు. రెండు కిలోలు కొన్నాను.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి అరోరాలో బయలుదేరాను. ఎనభై ఎనిమిదో నంబర్ హైవే మీద తూర్పుకి వెళ్ళి, చికాగో ఊళ్ళోకి పోకుండా పక్క నుంచి పైకెక్కి, తొంభైనాలుగు పట్టుకుంటే మిల్వాకీ. టోల్ గేట్లు ఇల్లినాయ్ దాటేదాకానే. విస్కాన్సిన్‌లో ఆ పీడ లేదు. మిల్వాకీ నుంచి నలభైమూడు మీద గ్రీన్‌బే, అక్కడ యాభైఏడు ఎక్కి స్టర్జన్ బే. గ్యాస్ పోయించుకునే చోట తాజా చీజ్ ముక్కలు కొనండి. పళ్ళ మధ్య కిచకిచమంటాయి. మధ్యలో రెండు సార్లు ఆగినా ఆరు లోపు స్టర్జన్ బే చేరాను. సీజన్ కాదు కాబట్టి మోటెల్ గది డెబ్బై డాలర్లకి దొరికింది. జులైలో అదే గదికి మూడింతలు అడుగుతారని కౌంటర్‌లో అమ్మాయే గర్వంగా చెప్పింది.

ఆదివారం పొద్దున ఏడున్నరకి బయలుదేరి నలభైరెండో నంబర్ రోడ్డు పట్టుకున్నాను. రెండు వైపులా ఆకులు రాలిన చెర్రీ తోటలు, మూసేసిన ఐస్‌క్రీమ్ షాపులు. ఆఖరి మైళ్ళలో చెట్ల మధ్య రోడ్డు పాములా మెలికలు తిరుగుతుంది, ఎందుకు తిరుగుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మెలికల చివర నార్త్‌పోర్ట్ రేవు. కారుకి ముప్పై చిల్లర డాలర్లు, మనిషికి పదిహేను చిల్లర, రానూపోనూ కలిపి. పడవ దాటేది అరగంట. ఆ నీళ్ళ పేరు మృత్యుద్వారం. పూర్వం ఎన్నో పడవలు మునిగాయట. సంధి చేసుకోవడానికి వెళ్ళే వాడికి ఇంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు?

పడవ మీద నారింజ రంగు జాకెట్ వేసుకున్న భారీ మనిషి నా కారు చక్రాలకి చెక్కలు అడ్డం పెడుతూ అడిగాడు, "నవంబర్లో మా దీవికేం పని నీకు?"

"ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి."

"గ్రీన్‌బే మ్యాచా? దాటొచ్చేశావు కదయ్యా. రెండు గంటలు వెనక్కెళ్ళాలి."

"అది కాదు. ఐస్‌లాండ్ మ్యాచ్."

ఆయన చెక్క కింద పెట్టాడు. "మా అమ్మమ్మ వాళ్ళది ఐస్‌లాండే. వాళ్ళకి టీమ్ ఉందా?"

"ఉందా ఏంటి, ప్రపంచ కప్పు ఆడారు. అప్పటికి అంత చిన్న దేశం ఏదీ ఆ కప్పు దాకా వెళ్ళలేదు. వాళ్ళ కోచ్ పళ్ళ డాక్టరు. గోలీ సినిమాలు తీసేవాడు, అయినా అర్జెంటీనా పెనాల్టీ ఆపాడు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వి, "బాగా చెప్తావు" అని వెళ్ళిపోయాడు. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నా మొహం తీరే అంత. నిజం చెప్పిన రోజునే నన్నెవరూ నమ్మరు.

రేవు నుంచి బార్ పది నిమిషాలు. సామన్న ఏప్రన్‌తో గుమ్మంలోనే ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నీలం రంగు ఐస్‌లాండ్ అంగీ మాత్రం పాతదే, పొట్ట దగ్గర బిగిసింది. కౌగిలించుకుంటాడేమో అని చేతులు కొంచెం ఎత్తి, మళ్ళీ దించేశాను.

"తిన్నవా?"

"తిన్న."

"చింతపండు?"

సంచీ ఇచ్చాను. వాసన చూసి, "కొత్తదే" అని లోపలికి నడిచాడు. వెనకే వెళ్ళాను.

లోపల చూసి ఆగిపోయాను. ఆదివారం పొద్దున్నే ఇరవైమంది దాకా ఉన్నారు, అందరూ గ్రీన్‌బే టీమ్ ఆకుపచ్చ, పసుపు అంగీల్లో. సామన్న ఒక్కడే నీలం. "ఐస్‌లాండోళ్ళు వచ్చి సెటిలైన దీవి అని నెట్‌ల చదివిన. మ్యాచ్ రోజు ఊరంతా నీలమే ఉంటదనుకున్న. ఈ అంగీ వేసుకొని పడవ దిగిన," అన్నాడు, "ఒక్కనికి కూడా తెల్వదు రా. వీళ్ళ ఆటల బంతి కోడిగుడ్డులెక్క ఉంటది. కాలితోని ఎప్పుడో ఒకసారి తంతరు." మరి వెనక్కి రాలేదేం అని అడగబోయి ఆపుకున్నాను. వెనక్కి వస్తే నేనున్నాను కదా.

బార్ యజమాని కారెన్‌కి డెబ్బై దాటి ఉంటాయి. ముత్తాత ఐస్‌లాండ్ నుంచి చేపలు పట్టడానికి వచ్చాడట. "పన్నెండు దాకా టీవీ మీది. పన్నెండు కొట్టగానే గ్రీన్‌బేది. నా పెళ్ళి కూడా మ్యాచ్ లేని వారం చూసి పెట్టుకున్నాను" అని రిమోట్ సామన్న చేతిలో పెట్టింది.

ఆ రోజు మ్యాచ్ ఉక్రెయిన్‌తో. ఐస్‌లాండ్ గెలవక్కర్లేదు, సమంగా ముగించినా చాలు, ప్రపంచ కప్పు ఆశ బతికి ఉంటుంది. ఆ కప్పు వచ్చేది ఇక్కడికే, అమెరికాకే. అదీ సామన్న గోడు. "వాళ్ళు పోయే ప్రతి ఊరికి నేను పోలేను. ఈ ఒక్కసారి వాళ్ళే నా దగ్గరికొస్తున్నరు. కాన్సాస్ సిటీ గానీ, డాలస్ గానీ, కార్ల పోయి కూసుంట. నేషనల్ ఆంథమ్‌కి నిలబడ్త." నలభై ఏళ్ళుగా నిలబడటానికి ఒక పాట కోసం చూస్తున్న మనిషి ఆయన. ఎదుటి జట్టు మీద తిట్లు కూడా రాలేదు ఆయన నోట. యుద్ధం వల్ల సొంత ఊళ్ళో ఆడే వీలు లేక, పోలండ్ గ్రౌండ్‌లో ఆడుతున్నారు వాళ్ళు. "ఆళ్ళకి కూడా ఇల్లు లేదు పాపం" అని మాత్రం అన్నాడు.

మొదటి సగం సున్నా-సున్నాగా నడుస్తోంది. ముప్పయ్యో నిమిషంలో, టీవీ మీంచి కళ్ళు తీయకుండా అడిగాడు.

"ఆ రోజు ఇంగ్లండ్ మీద మొదటి గోల్ ఎట్ల పడ్డది?"

"ఇప్పటిదాకా చూడలేదా అన్నా?"

"అడిగింది చెప్పు."

చెప్పాను. నాలుగో నిమిషంలోనే పెనాల్టీ ఇచ్చి ఒక గోల్ వెనకపడ్డారని, రెండు నిమిషాల్లోనే ఒకడు సైడ్ లైన్ దగ్గర బంతిని చేతులతో ఎత్తి గోలు ముందుదాకా విసిరాడని, ఒకడు తలతో తాకితే వెనక నుంచి డిఫెండర్ పరుగెత్తుకొచ్చి లోపలికి తోశాడని. రెండో గోల్ గోలీ చేతికి తగిలి కూడా మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయిందని. చివర్లో ఇంగ్లండ్ వాళ్ళ కాళ్ళు ఎలా తడబడ్డాయో లేచి నడిచి చూపించాను. తర్వాత ఆటగాళ్ళు, జనం ఎదురెదురుగా నిలబడి, చేతులు పైకెత్తి అందరూ ఒక్కసారిగా చప్పట్లు ఎలా కొట్టారో కొట్టి చూపించాను. ఆకుపచ్చ అంగీలు మా వైపు తిరిగి చూశాయి.

సామన్న గడ్డం గోక్కున్నాడు. "గిది నిజమేనా?"

"నిజమన్నా. ఒట్టు."

"నీ మొహం చూస్తే ఏం తెలుస్తది రా, యాదిగా!"

తొమ్మిదేళ్ళ తర్వాత నన్ను పాత పిలుపుతో యాదిగా అన్నాడు. నేను టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను.

సగం ఆట అయ్యేసరికి పన్నెండు కావస్తోంది. కారెన్ వచ్చి చెయ్యి చాపింది. సామన్న రిమోట్ ఇచ్చేసి, ఏప్రన్ బిగించుకుని, నాకు ఆజ్ఞ వేశాడు. "నాకిప్పుడు నలభై ప్లేట్ల చేపలున్నయ్. నువ్వు ఫోన్ల చూడు. మధ్యల రాకు. అయినంక వచ్చి ఒక్క మాట చెప్పు." కొంచెం ఆగి, "సీదా మాట" అన్నాడు.

నా ఫోన్‌లో వీడియో ఆగకుండా వచ్చేది వెనక నడవలో, ఐసు మెషిన్ పక్కన మాత్రమే. అక్కడ బీరు డబ్బా మీద కూర్చుని చూశాను. ఎనభై నిమిషాల దాకా సున్నా-సున్నా. నేను గెలుపు కబురు ఎలా చెప్పాలో రిహార్సల్ వేసుకుంటున్నాను. ఎనభై మూడులో కార్నర్ నుంచి తలతో కొట్టారు. గోల్. ఐస్‌లాండ్ వాళ్ళంతా ముందుకి ఎగబడ్డారు, ఆఖరి క్షణాల్లో ఇంకోటి. రెండు-సున్నా. ఐసు మెషిన్ దబదబమని ముక్కలు రాల్చింది. ఆ నడవ నుంచి కిచెన్‌కి పాతిక అడుగులు ఉంటాయి. అరోరా నుంచి ఈ దీవి కూడా నాకు అంత దూరం అనిపించలేదు.

"పోయింది అన్నా. రెండు-సున్నా."

సామన్న మూకుడు దగ్గర నుంచి తల తిప్పి నన్ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎదురుగా గుట్టగా తరిగిన ఉల్లిగడ్డలు. చూసి చూసి, ఫక్కున నవ్వాడు. "అప్పుడు ఐదు-సున్నా, ఇప్పుడు రెండు-సున్నా. ముసలోనివైతున్నవ్, అబద్ధం గూడ చిన్నగైంది!"

"అన్నా, అబద్ధం కాదు. ఇదిగో చూడు ఫోన్‌ల…"

"నీ ఫోన్ల దేవుడు దిగొచ్చిండని గూడ చూపిస్తవ్. జరుగు." అని తలుపు తోసుకుని బార్‌లోకి వెళ్ళి, "కారెన్! మేం గట్టెక్కినం!" అని ఇంగ్లీషులో అరిచాడు. కారెన్ కౌంటర్ మీది గంట కొట్టింది. గ్రీన్‌బే మ్యాచ్ బ్రేక్‌లో ఉందేమో, ఆకుపచ్చ అంగీలన్నీ లేచి, సామన్నతో పాటు చేతులు పైకెత్తి, నేను పొద్దున చూపించిన ఆ చప్పట్లే కొట్టాయి. ఒకటి. ఆగి, ఇంకొకటి. బార్ గోడలు అదిరాయి.

ఇక నా మూడు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. ఇరవైమంది ముందు వెళ్ళి ఓడిపోయారని ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా ఊరుకోను? ఒకసారి ఆయన సంతోషాన్ని ఎత్తుకుపోయిన వాణ్ణి, ఇది కూడా నా చేత్తోనే లాక్కోవాలా? సామన్న నాకోసం చేపల పులుసు పెట్టాడు. దీవి చుట్టూ దొరికే ఆ చేపని ఇక్కడివాళ్ళు లాయర్ అంటారు, ఎందుకంటే దానికి గుండే పిర్రలూ ఒకచోటే ఉంటాయని వాళ్ళ వెటకారం. కొత్త చింతపండు, ఎండుమిర్చి, మెంతిపొడి. బొల్లారం పులుసే. రెండు ముద్దలు దిగాక గొంతులో అడ్డం పడింది. "ముల్లా?" అని అడిగాడు. ముల్లే అన్నాను. ఆ రోజు నేను చెప్పిన ఏకైక అబద్ధం అది. "డాలస్‌కి నువ్వే డ్రైవ్ చెయ్యాలె" అని నా ప్లేట్‌లో ఇంకో గరిటె పోశాడు. తల ఊపాను.

నవంబరులో ఆఖరి పడవ నాలుగు ప్రాంతంలోనే వెళ్ళిపోతుంది. సామన్న రేవు దాకా వచ్చి, మిగిలిన పులుసు డబ్బా కారులో పెట్టాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "పో, పడవ పోతది" అని కారు తలుపేశాడు. పడవ కదిలింది. వెనక డెక్ మీద నిలబడి చూస్తున్నాను. చలిగాలి కోస్తోంది. ఒడ్డు మీద ఆ నీలం అంగీ రెండు చేతులూ పైకెత్తి ఒక చప్పట కొట్టింది. శబ్దం నా దాకా రాలేదు. వెంటనే జేబులో ఫోన్ మోగింది. వాయిస్ మెసేజ్.

"యాదిగా. రెండు-సున్నా. నాకు నీ కంటే ముందే తెలుసు రా. గోల్ పడితే నా ఫోన్ కొట్టుకుంటది, మూకుడు దగ్గర జేబుల రెండుసార్లు కొట్టుకుంది. ఏడ్సి, ఉల్లిగడ్డల మీదికి నెట్టిన. నువ్వు రాకముందే కారెన్‌కి చెప్పిన, ఆమె అందరికి చెప్పి పెట్టింది. ఒక్క నువ్వు చెప్పేది నిజమా అబద్ధమా, గదొక్కటే తెల్వలే. నిజం చెప్పినవ్. మరి నా రికార్డింగ్ బాకీ ఉంది కదా, మూడు గంటలు నీ మొహం చూసినం. మ్యాచ్ కంటే మంచిగుండె. మళ్ళ వచ్చేటప్పుడు చింతపండు తే."

పగలబడి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటుంటే నారింజ జాకెట్ మనిషి పక్కకొచ్చాడు. "గెలిచినట్టున్నారు?"

"లేదు, ఓడిపోయాం."

"బాగా చెప్తావు" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నిజామాబాద్ అంత లేని దేశం పైకి ఎలా వచ్చిందో సామన్న నాకు వందసార్లు చెప్పాడు. షెడ్లు, కోచ్‌లు, పళ్ళ డాక్టరు. మళ్ళీ కింద పడటం కూడా ఆ రోజు చూశాం. వచ్చే వేసవిలో ఇక్కడ కప్పు జరుగుతుంది. నీలం అంగీలు రావు, మన అంగీలు ఎప్పుడొస్తాయో తెలియదు. అయినా ఆ పడవ మీద నాకు బొల్లారం గ్రౌండ్ గుర్తొచ్చింది. సాయంత్రం ఆట అయ్యాక సామన్న బంతిని చంకలో పెట్టుకుని, ఓడినా గెలిచినా, "రేపు రాండ్రి" అనేవాడు. ఆ మాట కోసమే మేం రోజూ వెళ్ళేవాళ్ళం. తొమ్మిదేళ్ళుగా నాకు ఆ మాట అనేవాడు లేకపోయాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. నవంబరు నుంచి పడవలు బాగా తగ్గిపోతాయి, వచ్చేటప్పటి ఆఖరి పడవ టైమ్ ముందే చూసుకోండి. పడవ ఎక్కాక చలి అని కారులో కూర్చోకండి. వెనక డెక్ మీదికి రండి, ఫోన్ చేతిలో పెట్టుకోండి. నీళ్ళ మధ్యకి వెళ్తే నాకు సిగ్నల్ పోయింది. మీకు రావాల్సిన మాట ఏదైనా ఉంటే ఒడ్డు కనబడుతున్నంతసేపే వస్తుంది.